కొండ టోపీ పెట్టుకున్న రోజు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద కూర్చున్న మా మాస్టార్ల, టీచరుగార్ల ముందు మైకు పట్టుకుని నిలబడితే ఇప్పటికీ మోకాళ్ళు వణుకుతున్నాయి. పాఠం అప్పజెప్పమంటారేమో అని భయం.

కార్యదర్శిగారు నెల క్రితం ఫోన్ చేసి, "కరెంటు ఇంజనీరువి కదా, విద్యుత్ రంగంలో మార్పుల గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. సరేనని రెండు పేజీలు రాసుకున్నాను కూడా. మా ఆవిడకి చదివి వినిపిస్తే రెండో పేజీ రాకముందే నిద్రపోయింది. అందుకని ఆ కాగితాలు ఇంట్లోనే వదిలేసి వచ్చాను. దాని బదులు, పోయిన ఏడాది దసరా సెలవుల్లో మా 1985 టెన్త్ బ్యాచి వాళ్ళం ఆరుగురం మహేంద్రగిరి ఎక్కబోయి, ఎక్కకుండా దిగొచ్చిన సంగతి చెబుతాను. ఈ కథ ఇప్పటికే రకరకాలుగా ఊళ్ళో తిరుగుతోంది. నాకు పిడుగు తగిలిందని కూడా ఎవరో అన్నారట. తగల్లేదు. మీరే చూస్తున్నారు కదా.

మన బడి పడమటి వరండాలో నిలబడితే ఎదురుగా కనిపించేది మహేంద్రగిరే. ఎత్తు 1501 మీటర్లు. ఊటీకో, కొడైకెనాల్‌కో అలవాటుపడ్డవాళ్ళు ఇదేం ఎత్తు అంటారు. కానీ ఊటీ వెళ్ళేవాడు బస్సెక్కి మలుపులు తిరిగి వెళతాడు. మన కొండ అలా కాదు. సముద్రానికి దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో, కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఉన్న చదును నేల వెనక ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. హౌరా రైల్లో వెళ్ళేవాళ్ళకి కూడా పలాస దాటాక కిటికీలోంచి చాలాసేపు వెంటవస్తుంది. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ పేరులోనే ఉంది, అది ఎవరి కూతురో.

పరశురాముడు తపస్సు చేసుకుంటున్నది ఆ కొండ మీదే అని మన అమ్మమ్మలు చెప్పారు. రఘువంశంలో కాళిదాసు రఘుమహారాజు దండయాత్ర చెబుతూ ఈ కొండ పేరు చెప్పాడు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రాగి శాసనాల్లో మహేంద్రాచలం మీది గోకర్ణస్వామి పేరు కనిపిస్తుంది. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత గుళ్ళు ఉన్నాయి. రాజేంద్ర చోళుడి కాలపు శాసనం ఉంది, పులి గుర్తూ రెండు చేపల గుర్తూ చెక్కి. భీముడి గుడి అయితే ఏనుగంతేసి రాతి దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఫొటోల్లో చూసే చెబుతున్నాను. ఎందుకంటే నేను ఇంతవరకూ పైదాకా వెళ్ళలేదు.

వెళ్ళకపోవడానికి కారణం నేనే. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా సోషల్ మాస్టారి గురించి చెప్పాలి.

మాస్టారు ఇప్పుడు లేరు. ఎనిమిదో తరగతిలో మాకు వర్షపాతం పాఠం చెప్పడానికి ఆయన పుస్తకం తెరవలేదు. అందరినీ వరండాలోకి తీసుకొచ్చి కొండ చూపించారు. "సముద్రం మీంచి వచ్చే గాలి తడిగా ఉంటుంది. కొండ అడ్డం వస్తే ఎక్కడికి పోతుంది? పైకి ఎక్కాలి. పైకెక్కితే చల్లబడుతుంది. చల్లబడితే తడి బయటపడుతుంది. అదుగో టోపీ" అన్నారు. అంతే పాఠం. ఆ రోజు నుంచి బోర్డు మూల రోజూ ఉదయం ప్రార్థన కాగానే ఒక అక్షరం రాయించేవారు. కొండ పూర్తిగా కనిపిస్తే 'క'. సగం కనిపిస్తే 'స'. నెత్తిన మబ్బు కూర్చుంటే 'ట'. సాయంత్రం వాన పడిందా లేదా అన్నది పక్కన. మూడు నెలలు పోయాక మేమే లెక్క తేల్చాం, 'ట' ఉన్న రోజున గొడుగు లేకుండా ఇంటికి పోయేవాడు తడిసే పోతాడని. ఇంజనీరింగు కాలేజీలో నాకు చాలా చెప్పారుగానీ, కొలవడం, రాసిపెట్టుకోవడం, అప్పుడు మాట్లాడడం అనే పద్ధతి నేను ఆ వరండాలోనే నేర్చుకున్నాను.

ఆ అక్షరం రాసే పని మా బెంచీలో చివర కూర్చునేవాడిది. వాణ్ణి మేం స్టేషను మాస్టరు అనేవాళ్ళం. ఏ బండి ఎన్ని గంటలకు వస్తుందో, ఎంత లేటో, కూత విని చెప్పేసేవాడు. ఒకే బ్యాచి కాబట్టి 'వాడు' అంటున్నాను, ఏమీ అనుకోకండి. అసలు పేరు చెప్పొద్దన్నాడు. ఈ హాల్లోనే ఉన్నాడు.

టెన్త్ పరీక్షలయ్యాక కొండెక్కుదాం అని మేమిద్దరం అనుకున్నాం. నేను కాకినాడ వెళ్ళిపోయాను చదువుకి. వాడు తండ్రితోపాటు కొబ్బరి తోట చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. ప్రతి దసరాకీ నేను రాగానే "ఈసారి ఎక్కుదామా?" అనేవాడు. ఒక ఏడు మా చెల్లి పెళ్ళి. ఒక ఏడు బదిలీ. పిల్లల చదువులు. "వచ్చే ఏడు తప్పకుండా" అని ఎన్నిసార్లు అన్నానో లెక్క నా దగ్గర లేదు, వాడి దగ్గర ఉండే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానాన్ని నేలమట్టం చేసినప్పుడు నెలరోజులు ఇక్కడే ఉన్నాను, పడిపోయిన స్తంభాలు నిలబెట్టే పనిలో. వాడి తోటలో చెట్లు కూలిపోయి, మొక్క పెడితే మళ్ళీ ఎన్నేళ్ళకు కాపుకొస్తుందో అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం వాన వెలిసి కొండ తళతళలాడుతూ కనిపిస్తే, "చూడు, దానికేం కాలేదు. ఈ గొడవ తీరాక ఎక్కుదాం" అన్నాడు. నేను మళ్ళీ అదే మాట అన్నాను.

తర్వాత రెండేళ్ళకి వాడికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. ఈ సభలో ఆ జబ్బు గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మన ఉద్దానంలో ప్రతి వీధికీ తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ ఒక్క మాటలో తేల్చలేకపోయారు. ఇప్పుడు వాడికి వారానికి మూడు రోజులు డయాలసిస్. సోమ, బుధ, శుక్ర.

పోయిన దసరాకి నేనే అడిగాను. "మేం ఎక్కుతాం. నువ్వేమంటావు?" అని. అడగడానికి చాలా సిగ్గేసింది. వాడు మాత్రం వెంటనే పని మొదలుపెట్టాడు. గురువారం పెట్టుకోమన్నాడు, తనకు డయాలసిస్ లేని రోజు, డాబా మీద కూర్చుని చూడొచ్చని. కొండకింది సవర ఊళ్ళో తెలిసిన పెద్దాయనతో మాట్లాడి దారి చూపడానికి ఒప్పించాడు. ఒడిశా వైపు నుంచి వాహనాలకు దారి ఉంది, శివరాత్రికి చాలామంది అటే పోతారు. మాకేమో మన వైపు నుంచే నడిచి ఎక్కాలని పంతం.

ఎన్ని గంటలు పడుతుందో లెక్క నేను వేశాను. నెయిస్మిత్ అని ఒక స్కాట్లండ్ కొండలమనిషి 1892లో చెప్పిన సూత్రం ఉంది. అయిదు కిలోమీటర్లకు గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మా దారి తొమ్మిది కిలోమీటర్లు అనుకున్నాం, ఎక్కడం 1200 మీటర్ల పైచిలుకు. దాదాపు మూడు గంటల యాభై నిమిషాలు వచ్చింది. అది కుర్రాళ్ళకి. మా వయసుకి, మా పొట్టలకి ఒకటిన్నర రెట్లు వేస్తే అయిదు గంటల నలభై నిమిషాలు. ఆరింటికి బయల్దేరితే పదకొండూ నలభైకి పైన ఉంటాం.

వాడు విని, "సరే. పన్నెండున్నర. పన్నెండున్నరకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. గుడి మెట్టు మీద కాలు పెట్టబోతున్నా సరే" అన్నాడు. అక్టోబరు కదా, మధ్యాహ్నం దాటితే ఉరుములు. అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. ఇంకో మాట కూడా అడిగాడు. "నీళ్ళెన్ని పట్టుకెళుతున్నారు?" మనిషికి మూడు లీటర్లు అన్నాను. "బాగుందిరా, నాకు నాలుగు రోజులు సరిపోతాయి" అని నవ్వాడు. వాడికి రోజుకి ముప్పావు లీటరే.

ఆరుగురం ఎవరెవరమో చెబుతాను, వాళ్ళకి అభ్యంతరం లేదు కాబట్టి. నేను. బ్యాంకు మేనేజరు ఒకడు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాడు ఒకడు. మన బడిలోనే లెక్కలు చెబుతున్నవాడు ఒకడు. బెంగుళూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు మనిషి. మా క్లాసు అమ్మాయిల్లో ఒకావిడ, ఇప్పుడు హెడ్ నర్సు. ఆరుగురికీ ఒంటి మీద ఈ స్వర్ణోత్సవం కోసం ముందుగా కుట్టించిన టీషర్టులే. కమిటీవారు క్షమించాలి, టీషర్టుల గురించి తర్వాత చెబుతాను.

తెల్లవారుజామున ఊరి నుంచి చూస్తే 'క'. నక్షత్రాల కింద కొండ అంచు గీత గీసినట్టుంది. మందస మీదుగా వెళ్ళాం. అక్కడ కోవా కొనాలని జీడిపప్పాయన ఆగాడు. ఆ వేళకి కొట్టు తీయలేదు, తీయించాడు. తర్వాత కొండకింద ఊళ్ళో టీ, ఫొటోలు. ఆరింటికి అనుకున్నది ఏడూ పదికి కాళ్ళు కదిలాయి. నా లెక్కలో ఆ గంటా పది నిమిషాలు ఎక్కడా లేవు. లెక్క ప్రకారం పైకి చేరేది ఇప్పుడు పన్నెండూ యాభైకి. అంటే వాడు పెట్టిన గడువు దాటాక ఇరవై నిమిషాలకి. నేను అప్పుడే మనసులో ఆ కూడిక చేశాను. నోరు మాత్రం విప్పలేదు.

పెద్దాయన వయసు డెబ్భై దాటి ఉంటుంది. రబ్బరు చెప్పులు, నడుముకి కత్తి, భుజం మీద మడతపెట్టిన ఖాళీ యూరియా సంచి. సంచి ఎందుకో మాకు అర్థం కాలేదు. అనాస తోటల మధ్యనుంచి, పసుపు చేల గట్ల మీంచి దారి. పనస చెట్లు, ఆపైన కొండచీపుర్ల గడ్డి, తర్వాత అడవి. ఒక గెడ్డ దాటాం, మోకాలి కింద నీళ్ళు, గాజులా ఉన్నాయి. మొదటి రెండు గంటలూ బ్రహ్మాండంగా గడిచాయి. బ్యాంకు మేనేజరు ఎనిమిదో తరగతి పద్యాలు ఎత్తుకున్నాడు, మేం తప్పులు పట్టుకున్నాం.

తొమ్మిదిన్నరకి లోయలోంచి పొగమంచు లేచి మమ్మల్ని కప్పేసింది. పావుగంటలో పోయింది. తర్వాత ఎండ. అక్టోబరు ఎండ మీకు తెలుసు, మాడు పగులుతుంది. టీషర్టులు చెమటతో పిండొచ్చు. పదిన్నరకి ఒక గట్టు మీద కూర్చుంటే తూర్పున సముద్రం వెండి రేకులా కనిపించింది. దాని మీద పత్తి పింజల్లా చిన్న చిన్న మబ్బులు. ఎంత బాగున్నాయో అని అందరం ఫొటోలు తీశాం. పెద్దాయన ఒక్కడే వాటిని చూసి, "బాబూ, బేగి నడవండి" అన్నాడు.

పదకొండున్నరకి ఆ పత్తి పింజలు మా పక్కకొచ్చాయి. పన్నెండింటికి మేం వాటి లోపల ఉన్నాం. ఇక్కడే అసలు సంగతి. మబ్బులో ఉన్నవాడికి మబ్బు కనిపించదు. తెల్లగా, చల్లగా, హాయిగా ఉంటుంది. పది అడుగుల్లో ముందువాడి వీపు, అంతే. పొద్దుటి పొగమంచు లాంటిదే మళ్ళీ వచ్చింది, పావుగంటలో పోతుంది అనుకున్నాం. దాని నెత్తి మీద ఎన్ని అంతస్తులు లేచాయో లోపలివాడికి ఎలా తెలుస్తుంది?

ఉష్ణోగ్రత వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది సుమారుగా. కింద ముప్పై ఉంటే అక్కడ ఇరవై రెండో ఇరవై మూడో. అది చలి కాదు. కానీ గాలి మొదలైంది, ఒంటి మీద తడి నూలు బట్ట. నూలు నీళ్ళు తాగితే వదలదు, ఒంట్లో వేడిని గాలికి ధారపోస్తూ ఉంటుంది. కమిటీవారూ, వందేళ్ళ పండగకి టీషర్టులు నూలువి వద్దు.

పన్నెండూ ఇరవైకి ఒక నడుంగట్టు మీదికొచ్చాం. సముద్రం వైపు తెరుచుకున్న చోటు కాబట్టి ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. అప్పటికే వాడివి పదకొండు మిస్డ్ కాల్స్ నాకు. మళ్ళీ మోగింది.

"ఎక్కడున్నారు?"

చెప్పాను. పైకి ఇంకో అరగంట, నలభై నిమిషాలు అని కూడా అన్నాను.

"టోపీ కాదురా అది. తలపాగా చుట్టేసింది. మధ్యలోంచి నల్లగా లేస్తోంది, కొండకి రెండింతల ఎత్తుంది. అడుగు అంతా నల్లటి గీత. దిగండి."

నాకు అక్కడ తెల్లటి మంచు తప్ప ఇంకేమీ లేదు. "ఇక్కడ ఏమీ లేదురా, మంచు అంతే" అన్నాను. పక్కనుంచి బ్యాంకు మేనేజరు, "ఇంత దూరం వచ్చి..." అంటున్నాడు. నేను ఆ సమయంలో అన్న మాట ఈ సభలో చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు, అయినా చెబుతాను. "ఇన్నేళ్ళ నుంచి నీకు మాటిచ్చి తప్పాను. ఇవాళ నీకోసం భీముడి గుడి దగ్గర నిలబడి ఫోన్ చేస్తాను. ఇరవై నిమిషాలు ఎక్కువవుతుంది, అంతే" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. "నా పేరు చెప్పి పైకి పోకు. మీలో ఒకళ్ళకి ఏదైనా అయితే అది కూడా నేనే మోయాలా? ఇప్పుడు మోస్తున్నది చాలదా నాకు?"

అప్పుడే మొదటి ఉరుము వినబడింది.

ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం హైటెన్షన్ లైన్లు. పిడుగుకి ఏ ఎత్తు ఇష్టమో, నేలలోకి ఎలా దిగుతుందో నాకు తెలిసినంత ఆ ఆరుగురిలో ఎవరికీ తెలియదు. టవరు నెత్తిన మేం ఒక ఉత్త తీగ వేస్తాం, పిడుగు వస్తే దాని మీద పడి టవరు గుండా భూమిలోకి పోవాలని. టవరు పాదం దగ్గర నేల నిరోధం పది ఓంలకు లోపు ఉండేలా చూస్తాం. రాతి నేల అయితే అంత తగ్గించడానికి తలప్రాణం తోకకొస్తుంది. అలాంటి రాతి నేల మీద, కొండ గట్టున, ఇంకా పైకి పోతానని మొండికేసింది ఎవరయ్యా అంటే, ఆ ఇంజనీరే. తెలియక పోయేవాళ్ళని వారించొచ్చు. తెలిసీ పోయేవాణ్ణి ఏం చేస్తాం? దామిని అని పిడుగుల్ని హెచ్చరించే యాప్ నా ఫోన్లోనే ఉంది. తెరవలేదు. తెరిస్తే ఏం చెబుతుందో నాకు తెలుసు కాబట్టి తెరవలేదనుకుంటాను.

పెద్దాయన మా వాదన వినడం లేదు. అప్పటికే వెనక్కి తిరిగి యూరియా సంచిని మూల లోపలికి మడిచి నెత్తి మీంచి వీపు మీదికి వేసుకున్నాడు. "కొండ ఒద్దంది బాబూ. ఇంకో నాడు రమ్మంటాది" అన్నాడు. నర్సుగారు ఇంకో మాట లేకుండా ఆయన వెనకే నడిచారు. మా క్లాసులో అప్పుడూ ఆవిడే ముందు నిర్ణయం తీసుకునేది.

టైము పన్నెండూ ఇరవై ఎనిమిది. ఒట్టు నిలబెట్టుకున్నామని చెప్పుకోవచ్చు, రెండు నిమిషాలు మిగిలాయి. నిలబెట్టింది నేను కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెడితే, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. మన లెక్కల మాస్టారు పైకి లెక్కపెడుతూ దిగాడు. మొదటిది పన్నెండు, అంటే నాలుగు కిలోమీటర్లు. పది నిమిషాల్లో అది ఆరయింది. ముప్పై లోపు వచ్చిందంటేనే గట్టు మీద ఉండకూడదు. వాన ఒక్కసారి కుండపోత. పెద్ద చెట్టు ఒకటి కనిపిస్తే సాఫ్ట్‌వేరాయన దాని కిందికి పరిగెత్తబోయాడు, పెద్దాయన చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఇంకాస్త కింద ఒక రాతిబండ కింద గుహలాంటి నీడ ఉంది, అందులోకి దూరదామన్నారు. ఈసారి నేను వద్దన్నాను. బండ అంచు మీంచి దిగే కరెంటు ఆ నోటి దగ్గర కూర్చున్న మనిషి గుండా దూకుతుంది. గట్టు దిగి, అన్నీ ఒకే ఎత్తున్న పొదల మధ్య వాలులో, మనిషికీ మనిషికీ దూరంగా, సంచుల మీద గొంతుక్కూర్చున్నాం. కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకోమని చెప్పాను. పిడుగు పక్కన పడ్డా నేలలో పాకే కరెంటు ఒక కాలు నుంచి ఎక్కి ఇంకో కాలులోంచి దిగుతుంది, అడుగుల మధ్య దూరం ఎంత ఉంటే అంత ముప్పు. పొలాల్లో ఆవులూ గేదెలూ ఎక్కువగా చచ్చిపోయేది అందుకే, వాటి ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ ఎడం ఎక్కువ. ఆ పొదల్లో కూర్చుని నేను ఈ పాఠం అరిచి చెబుతుంటే జీడిపప్పాయన, "ఇప్పుడు చెబుతున్నావా!" అన్నాడు.

మెరుపూ ఉరుమూ ఒకేసారి వచ్చినవి రెండు. ఆ రెండింటి గురించి ఎక్కువ చెప్పను. మేం వదిలివచ్చిన గట్టు వైపు పడ్డాయి. ఎంత పైన పడ్డాయో నాకు తెలియదు, కొలవడానికి వెళ్ళలేదు. వాసన మాత్రం వచ్చింది. సబ్‌స్టేషన్లో ఎప్పుడో ఒకసారి పీల్చిన వాసన అది.

బ్యాంకు మేనేజరు వణకడం నర్సుగారు ముందు గమనించారు. చిక్కీ పొట్లం విప్పలేకపోతున్నాడు, వేళ్ళు పట్టు దొరకడం లేదు. మాట ముద్దగా వస్తోంది. చలి మరి చంపేంత కాదు కదా అని నేను అనబోతే ఆవిడ నన్ను ఒక్క చూపు చూశారు. తడి టీషర్టు విప్పించి, ప్లాస్టిక్ కవర్లో దాచిన తన పొడి శాలువా చుట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, ఫ్లాస్కులో మిగిలిన టీ తాగించి, మందస కోవా నోట్లో పెట్టారు. పావుగంటలో మనిషి తేరుకుని, "ఇంకొంచెం ఉందా కోవా?" అన్నాడు. కొట్టు తీయించినందుకు జీడిపప్పాయన మీద పొద్దున్న విసుక్కున్న వాళ్ళందరం వెనక్కి తీసుకున్నాం.

చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి కదిలాం. దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. పాచి పట్టిన రాయి మీద నా కాలు జారి చీలమండ బెణికింది. మిగతా దారంతా మన లెక్కల మాస్టారి భుజం పట్టుకునే వచ్చాను. గెడ్డ దగ్గరికి చేరేసరికి పొద్దున్న మోకాలి కింద ఉన్న గాజు నీళ్ళు నడుము దాటి, ఎర్రగా, కొమ్మలు మోసుకుంటూ పోతున్నాయి. అవతలి ఒడ్డు పాతిక అడుగులు. ఊరు కనిపిస్తోంది. చీకటి పడేలా ఉంది. తాడు కట్టుకుని దాటేద్దామని మాలో ఇద్దరు అన్నారు. పెద్దాయన ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని చుట్ట తీశాడు. "ఏటికి తొందర? అదే వొచ్చింది, అదే దిగుద్ది" అన్నాడు. కొండగెడ్డకి నీళ్ళు పట్టే మేర చిన్నది, ఎంత వేగంగా పొంగుతుందో అంత వేగంగా తగ్గుతుంది. ఒక పుల్ల గుచ్చి పెట్టాను గుర్తుగా. గంటా పావులో పుల్ల దగ్గర నుంచి నీళ్ళు మూడడుగులు కిందికి జారాయి. చేతులు పట్టుకుని దాటాం.

ఊళ్ళోకి వచ్చేసరికి ఆరున్నర. మాకు చోడి అంబలి వేడిగా పోశారు. అంత రుచిగా ఏ హోటల్లోనూ తాగలేదు. పెద్దాయనకి డబ్బులిస్తే అనుకున్నంతే తీసుకుని మిగతావి తిరిగిచ్చేశాడు, పైకి తీసుకెళ్ళలేదు కదా అని. ఎంత బతిమాలినా పుచ్చుకోలేదు.

రాత్రి తొమ్మిదింటికి వాడి ఇంటికి వెళ్ళాం, బురద కాళ్ళతోనే. డాబా మీద కుర్చీలో ఉన్నాడు. ఫోన్ సిగ్నల్ పోయిన దగ్గర నుంచి అక్కడే కూర్చున్నాడట, భోజనానికి కూడా దిగలేదని వాళ్ళావిడ కోప్పడింది. మమ్మల్ని లెక్కపెట్టాడు. ఆరు. అప్పుడు నా కుంటికాలు చూసి, "బండి రెండు గంటల నలభై నిమిషాలు లేటు" అన్నాడు.

వెన్నెల్లో కొండ శుభ్రంగా కనిపిస్తోంది. మబ్బు తునక లేదు. చూస్తే ఒళ్ళు మండింది నాకు. గోడకి క్యాలెండరు ఉంది. ఆ రోజు గడిలో వాడి చేతిరాత, 'క', దాని కింద 'ట'. పేజీ వెనక్కి తిప్పాను. అన్ని గళ్ళలోనూ అక్షరాలున్నాయి. డయాలసిస్ రోజుల్లో కూడా. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. "మాస్టారు మానేయమని చెప్పలేదు కదా" అన్నాడు. పాత క్యాలెండర్లు అటక మీద ఉన్నాయి. తిత్లీలో కొన్ని తడిసిపోయాయి. మిగిలినవి మన లెక్కల మాస్టారు పట్టుకెళ్ళి ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలచేత కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. ఆ పిల్లలు బయట స్టాలు పెట్టారు, భోజనాలప్పుడు తప్పకుండా చూడండి.

నాకు ఇచ్చిన పావుగంట అయిపోయిందని కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క విషయం. జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది, ఉరుముల భయం తక్కువ. మళ్ళీ వెళుతున్నాం. ఈసారి నడవగలిగిన వాళ్ళం మన వైపు నుంచి నడుస్తాం. నడవలేని వాళ్ళకి ఒడిశా వైపు నుంచి జీపు పెడుతున్నాం. వాడి డాక్టరుగారిని అడిగాం. డయాలసిస్ అయిన మర్నాడు కాకుండా ఇంకో రోజు గడిచాక చూద్దామంటే, వాడికి సోమవారం మళ్ళీ ఉంటుంది కాబట్టి ఆదివారం ఒక్కటే కుదురుతుంది. జీపులో నర్సుగారు ఉంటారు. రాదలచుకున్న వాళ్ళు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి. గడువు మాత్రం పన్నెండున్నరే. అది వాడు మార్చనన్నాడు.